ప్రయోగశాలలో గాలి ఎవరి బాధ్యత?

మానవుడు రోజుకు ఒకటి రెండు కిలోల ఆహారం తింటాడు, రెండు మూడు లీటర్ల నీరు త్రాగుతాడు. ఊపిరితిత్తుల గుండా పోయే గాలి మాత్రం రోజుకు పది వేల లీటర్లకు పైమాటే. తూకం వేస్తే అది పన్నెండు కిలోలకు తక్కువ ఉండదు. అన్నంలో రాయి తగిలితే తీసి పారవేయవచ్చు, నీరు రంగు మారితే పారబోయవచ్చు. గాలి విషయంలో అటువంటి వెసులుబాటు లేదు. ఏ గదిలో ఉంటే ఆ గదిలోని గాలినే పీల్చవలసి ఉంటుంది.

అమెరికా విశ్వవిద్యాలయాలలోని రసాయన, జీవ, ఔషధశాస్త్ర ప్రయోగశాలలలో తెలుగు విద్యార్థులు గణనీయమైన సంఖ్యలో ఉన్నారు. వీరిలో స్వదేశం నుండి ఉన్నత విద్య కోసం వచ్చినవారున్నారు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలూ ఉన్నారు. ఒక విశ్వవిద్యాలయాన్ని ఎన్నుకునేటప్పుడు దాని ర్యాంకు ఎంత, స్టైపెండు ఎంత, ఏ ఆచార్యునికి ఎంత గ్రాంటు ఉన్నది అనే ప్రశ్నలన్నీ తెలుగు కుటుంబాలలో చర్చకు వస్తాయి. ఐదారేళ్ళ పాటు రోజుకు పది గంటలు పిల్లలు పీల్చబోయే గాలి ఎటువంటిదన్న ప్రశ్న వేసే తల్లిదండ్రులు మాత్రం అరుదు. ఆ ప్రశ్న వేయడం కుటుంబాల హక్కు, దానికి అంకెలతో సమాధానం చెప్పడం విశ్వవిద్యాలయాల విధి. ఈ మాట ఎందుకు అనవలసి వస్తున్నదో శాస్త్రదృష్టితో పరిశీలించడం అవసరం.

ముక్కును నమ్మరాదు

ఆంధ్రదేశంలో ఒక తరం క్రితం బి.ఎస్సి. రసాయనశాస్త్రం చదివినవారెవరికైనా కిప్ పరికరం గుర్తుండకపోదు. గుణాత్మక విశ్లేషణలో రెండవ గ్రూపు లోహాలను పట్టుకోవడానికి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు కావాలి. కుళ్ళిన కోడిగుడ్డు కంపు వరండా చివరి వరకు వ్యాపించేది. "వాసన వస్తున్నంతవరకు భయం లేదు, వాసన తెలిస్తే జాగ్రత్త పడతారు" అన్న నమ్మకం విద్యార్థులలోనూ, అధ్యాపకులలోనూ స్థిరపడి ఉండేది.

ఈ నమ్మకం ఎంత ప్రమాదకరమో అంకెలే చెబుతాయి. పది లక్షల వంతుల గాలిలో ఒక్క వంతు కన్నా తక్కువ ఉన్నప్పుడే ఈ వాయువు వాసన చాలామందికి తెలుస్తుంది. శాస్త్ర పరిభాషలో ఈ కొలతను పి.పి.ఎం. అంటారు. అయితే గాలిలో అది 100 పి.పి.ఎం. చేరినప్పుడు కొద్ది నిమిషాలలోనే ఘ్రాణేంద్రియం పనిచేయడం మానివేస్తుంది. 500 దాటితే అర్ధగంట నుండి గంటలోపు ప్రాణానికే ముప్పు. అనగా అపాయం పెరిగే కొద్దీ హెచ్చరిక తగ్గిపోతుంది. వాసన పోయిందంటే వాయువు పోయిందని అనుకున్నవాడే ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు.

మరికొన్ని పదార్థాల విషయంలో హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది. కర్బన రసాయన ప్రయోగశాలలలో నిత్యం వాడే మిథిలీన్ క్లోరైడ్ అనే ద్రావణి ఇందుకు ఉదాహరణ. ఎనిమిది గంటల పనిదినానికి దీని సగటు పరిమితిని అమెరికా కార్మిక రక్షణ సంస్థ అయిన ఓషా 1997లో 25 పి.పి.ఎం.గా నిర్ణయించింది. 2024లో పర్యావరణ పరిరక్షణ సంస్థ దీని వాడకాలలో అధికభాగాన్ని నిషేధిస్తూ, ప్రయోగశాలల వంటి చోట్ల అనుమతించిన వాడకానికి 2 పి.పి.ఎం. పరిమితిని విధించింది. కాని ఈ ద్రావణి తియ్యని వాసన సాధారణంగా 100 పి.పి.ఎం. దాటిన తరువాత గాని తెలియదు. ముక్కుకు తెలిసేసరికే పరిమితి ఎన్నో రెట్లు దాటిపోయి ఉంటుంది.

ఇక అసలే వాసన లేనివి ఉన్నాయి. బోరాన్ హైడ్రైడ్ల రసాయనశాస్త్రానికి పునాదులు వేసిన జర్మన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ స్టాక్ కథ ఈ సందర్భంలో స్మరణీయం. గాలి తగిలితే మండిపోయే పదార్థాలతో పనిచేయడానికి ఆయన పాదరసపు పంపులు, పాదరసపు వాల్వులు గల గాజు పరికరాలను రూపొందించాడు. ఏళ్ళ తరబడి ఆయనకు తలనొప్పి, తల తిరగడం, జలుబు, అన్నిటికీ మించి మతిమరుపు పట్టి పీడించాయి. ఆయనతో పనిచేసేవారికీ అటువంటి బాధలే. కారణం పాదరసపు ఆవిరి అని 1924లో గాని తెలియలేదు. 1926లో ఆయన తన అనుభవాన్ని, తన రోగలక్షణాలను దాచుకోకుండా ప్రచురించి తోటి శాస్త్రవేత్తలను హెచ్చరించాడు. ఆ తరువాత గాలిలోనూ, శరీరంలోనూ అతి స్వల్ప పరిమాణాల పాదరసాన్ని కొలిచే పద్ధతుల కోసం ఎంతో కృషి చేశాడు.

20 డిగ్రీల సెల్సియస్ వద్ద పాదరసపు ఆవిరితో సంతృప్తమైన ఒక ఘనమీటరు గాలిలో సుమారు 13 మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. నేడు ఆరోగ్య నిపుణులు సూచించే పరిమితి 0.025 మిల్లీగ్రాములు. రెంటికీ తేడా ఐదు వందల రెట్లకు పైన. బల్ల సందులలో దాగిన నాలుగు పాదరసపు బొట్లు, తలుపులు మూసిన గది, కొన్ని సంవత్సరాల కాలం చాలు, ఒక మేధావి జ్ఞాపకశక్తిని దెబ్బతీయడానికి. "మా తరం అంతా ఇలాగే చదువుకున్నది, ఎవరికేమయింది?" అని అడిగే పెద్దలకు స్టాక్ జీవితమే సమాధానం. నెమ్మదిగా జరిగే హాని ఎవరి లెక్కలోకీ రాదు. మధ్యలో చదువు మానుకున్నవారు, కారణం తెలియని జబ్బుతో వేరే ఉద్యోగానికి పోయినవారు ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి అక్కడ ఉండరు.

ఒక చిన్న లెక్క

పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల ఒక ప్రయోగశాలను ఊహించుకోవచ్చు. దాని ఘనపరిమాణం 180 ఘనమీటర్లు. అందులో ఒక విద్యార్థి చేతి నుండి సీసా జారి 100 మిల్లీలీటర్ల మిథిలీన్ క్లోరైడ్ బల్లపై ఒలికినదనుకుందాం. దాని బరువు 133 గ్రాములు, ఆవిరి అయితే సుమారు 38 లీటర్లు. ఆ ఆవిరి గది అంతా సమంగా కలిసిపోతే గాలిలో దాని మోతాదు దాదాపు 210 పి.పి.ఎం. అవుతుంది. అనగా పాత పరిమితికి ఎనిమిది రెట్లు, కొత్త పరిమితికి నూరు రెట్లు.

ఇప్పుడు వాయుప్రసరణ సంగతి చూడాలి. గదిలోని గాలి మొత్తానికి సమానమైన బయటి గాలి గంటకు ఎన్నిసార్లు వచ్చి పోతున్నదో దానిని గాలిమార్పుల సంఖ్య అంటారు. గంటకు ఆరుసార్లు మారే గదిలో ఆ ఆవిరి 25 పి.పి.ఎం.కు దిగడానికి సుమారు 21 నిమిషాలు, 2 పి.పి.ఎం.కు దిగడానికి 47 నిమిషాలు పడుతుంది. గంటకు ఒక్కసారే మారే గదిలో ఇవే మోతాదులకు దిగడానికి వరుసగా రెండు గంటలకు పైగా, నాలుగున్నర గంటలకు పైగా కావాలి. ఒకే పొరపాటు, ఒకే విద్యార్థి. తేడా అంతా గోడల వెనుక తిరిగే ఫ్యానులో ఉన్నది.

ఈ లెక్కలో ఒక లోపం ఉన్నదని శాస్త్రజ్ఞులు వెంటనే పట్టుకుంటారు. నిజమైన గదిలో గాలి సమంగా కలవదు. బల్ల దగ్గర నిలబడి తుడుస్తున్న విద్యార్థి ముఖం వద్ద మోతాదు ఇంకా ఎక్కువే ఉంటుంది. కనుక ఎన్ని గాలిమార్పులు అన్నది ఒక ప్రశ్న అయితే, గాలి ఎటునుండి వచ్చి ఎటు పోతున్నది అన్నది అంతకన్న ముఖ్యమైన ప్రశ్న. మంచి ప్రయోగశాలలో తాజా గాలి మనిషి వెనుక నుండి వచ్చి, పని జరిగే చోటు మీదుగా బయటికి పోవాలి. గదిలోని ఒత్తిడి వరండాలో కన్న కొంచెం తక్కువగా ఉండాలి. అప్పుడు తలుపు తెరచినా వరండా గాలి లోపలికి వస్తుంది గాని, లోపలి గాలి వరండాలోకి పోదు.

ఫ్యూమ్ హుడ్: రక్షణ సాధనమా, బీరువానా?

విషవాయువులను పుట్టిన చోటనే పట్టి బయటికి పంపాలన్న ఆలోచన కొత్తది కాదు. థామస్ జెఫర్సన్ స్థాపించిన వర్జీనియా విశ్వవిద్యాలయంలో రొటండా భవనానికి మరమ్మతులు జరిగినప్పుడు, గోడలో మూసుకుపోయి ఉన్న 1820ల నాటి రసాయన పొయ్యి ఒకటి బయటపడిన సంగతి 2015లో వెల్లడయింది. తాజా గాలి రావడానికి నేల క్రింద ఇటుక సొరంగాలు, పొగలు పోవడానికి గోడలలో గొట్టాలు అందులో ఉన్నాయి. విద్యుత్తు లేని కాలంలోనే ఆ నిర్మాతలు, గాలి పోయే దారితో పాటు వచ్చే దారి కూడా ఉండాలని గ్రహించారు. నేటి భవనాలలో చాలాచోట్ల మరుగున పడుతున్నది ఈ రెండవ సంగతే.

ఆంధ్ర కళాశాలలలో ఫ్యూమ్ కప్‌బోర్డు అనీ, ఇక్కడ ఫ్యూమ్ హుడ్ అనీ పిలిచే సాధనం ఆ పొయ్యికి వారసురాలు. మూడు ప్రక్కల మూసి, ముందు వైపు పైకీ క్రిందికీ జరిగే అద్దం గల పెట్టె అది. పైకప్పు మీది ఫ్యాను లోపలి గాలిని పైకి లాగుతుంది. ముందు వైపు నుండి గది గాలి లోపలికి ప్రవేశిస్తుంది. ఆ గాలి వేగం సాధారణంగా నిమిషానికి 80 నుండి 120 అడుగులు ఉండాలని చెబుతారు. నిమిషానికి నూరు అడుగులంటే సెకనుకు అరమీటరు. తాపీగా నడిచే మనిషి వేగం ఇంతకు రెండు రెట్లకు పైగా ఉంటుంది. అందుచేతనే హుడ్ ముందు నుండి ఒకరు చకచకా నడచిపోతే, వారి వెనుక ఏర్పడే సుడి లోపలి ఆవిరిని బయటికి లాగగలదు. దగ్గరలోని తలుపు, కిటికీ, తల పైన తిరిగే ఫ్యాను కూడా ఇదే పని చేస్తాయి. వేగం పెంచితే రక్షణ పెరుగుతుందనుకోవడమూ పొరపాటే. మితిమీరిన వేగం వలన లోపల సుడులు లేచి ఆవిరి తిరిగి ముఖం మీదికి రావచ్చు.

పనిచేసే పాత్ర అద్దానికి కనీసం ఆరు అంగుళాలు లోపల ఉండాలి. వెనుక గోడలోని సందులు మూసుకుపోకూడదు. అద్దం వీలైనంత క్రిందికి ఉండాలి. ఇవి మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలిసిన సూత్రాలు. అయినా ఏ విశ్వవిద్యాలయంలో చూచినా కొన్ని హుడ్లు సీసాల బీరువాలుగా మారి ఉండటం సర్వసాధారణం. ముందు వరుసలో వ్యర్థ ద్రావణుల డబ్బాలు, వెనుక వరుసలో పేరు చెరిగిపోయిన సీసాలు, మధ్య జానెడు చోటులో ప్రయోగం. గాలి పోవలసిన దారిలో ఇన్ని అడ్డంకులు పెట్టిన తరువాత పైకప్పు మీది ఫ్యాను ఎంత శక్తివంతమైనదైనా ప్రయోజనం లేదు.

హుడ్ సర్వరోగనివారిణి కాదన్న సంగతి కూడా మరువరాదు. డార్ట్‌మత్ కళాశాల ఆచార్యులు కేరెన్ వెటర్‌హాన్ 1996 ఆగస్టులో హుడ్ లోపలనే, చేతికి రబ్బరు తొడుగులు ధరించి, డైమిథైల్ మెర్క్యురీతో పనిచేశారు. తొడుగు మీద పడిన కొద్ది చుక్కలు దానిగుండా చర్మంలోకి ఇంకిపోయాయి. పది నెలల తరువాత, 1997 జూన్‌లో, ఆమె మరణించారు. గాలికి హుడ్, చేతికి తగిన తొడుగు, అన్నిటికన్న ముందు అంత విషపదార్థం నిజంగా అవసరమా అన్న ఆలోచన, మూడూ కలిస్తేనే రక్షణ.

ఖర్చు మాట

విశ్వవిద్యాలయాల పాలకులు చెప్పే అభ్యంతరం ఒకటున్నది, దానిని తేలికగా త్రోసివేయడం న్యాయం కాదు. ఒకటిన్నర మీటర్ల వెడల్పు, డెబ్బై సెంటీమీటర్ల ఎత్తు తెరచి ఉంచిన ఒక హుడ్ గంటకు సుమారు 1,900 ఘనమీటర్ల గాలిని బయటికి పంపుతుంది. పైన చెప్పిన గదిలోని గాలి మొత్తాన్ని ఒక్క హుడ్ గంటకు పదిసార్లు తోడివేస్తుందన్నమాట. పోయిన గాలికి బదులు వచ్చే గాలిని చలికాలంలో వెచ్చబరచాలి, ఎండాకాలంలో చల్లబరచాలి. అడ్డూ ఆపూ లేకుండా నడిచే ఒక హుడ్ సాలీనా వాడే శక్తి అమెరికాలో మూడు ఇళ్ళ వాడకాన్ని మించుతుందని లారెన్స్ బర్క్లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు 2000 దశకంలో అంచనా వేశారు. వందలాది హుడ్లున్న భవనానికి ఈ ఖర్చు ఎంతవుతుందో ఊహించడం కష్టం కాదు.

అయితే ఖర్చు తగ్గించే మార్గాలన్నీ ఒకటి కావు. పని లేనప్పుడు అద్దం దించివేయడం ఒక మార్గం. అద్దం స్థానాన్ని బట్టి గాలిని తగ్గించే ఏర్పాటున్న హుడ్లలో దీనివలన శక్తి ఆదా అవుతుంది, మనిషికీ రసాయనానికీ మధ్య అడ్డు నిలిచి రక్షణ కూడా పెరుగుతుంది. ఇది అందరూ ఆహ్వానించదగినది. రెండవ మార్గం, సాయంత్రం ఉద్యోగులు ఇళ్ళకు వెళ్ళే వేళకు భవనమంతటా గాలిమార్పులను తగ్గించివేయడం. కాగితం మీద ఇదీ సబబుగానే కనిపిస్తుంది. కాని పరిశోధక విద్యార్థి పనివేళలు కార్యాలయపు గడియారాన్ని అనుసరించవు. రాత్రి పదకొండు గంటలకు ఒంటరిగా ద్రావణిని మరిగిస్తున్నవాడు ఆ భవనంలో మనుషులున్న లెక్కలోకి రాకపోవడం అన్యాయం. మనుషులున్నారో లేదో గుర్తించే సాధనాలు, గాలిలోని ఆవిరులను కొలిచే సాధనాలు నేడు అందుబాటులో ఉన్నాయి. గాలి తగ్గించదలచినవారు ముందు వాటిని అమర్చాలి, ఆ తరువాతనే తగ్గించాలి.

2020లో కోవిడ్ వచ్చిన తరువాత గాలిమార్పుల మాట సామాన్యుల నోట కూడా వినిపించింది. తరగతి గదులలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న యంత్రాలు వెలిశాయి. అవి మేలైనవే. అయితే ఆ యంత్రం చెప్పేది మనుషుల ఊపిరి ఎంత పేరుకుపోయిందన్న సంగతి మాత్రమే. ద్రావణుల ఆవిరి దానికి కనబడదు. దానిలో అంకె తక్కువగా ఉన్నదని ప్రయోగశాల గాలి శుభ్రమని భావించరాదు.

చట్టం ఎంతవరకు?

ప్రయోగశాలల కోసం ఓషా 1990లో ప్రత్యేక నిబంధనలను ప్రకటించింది. ప్రతి సంస్థకూ లిఖితపూర్వకమైన రసాయన ఆరోగ్య ప్రణాళిక ఉండాలనీ, హుడ్లు సరిగా పనిచేసేటట్లు చూడాలనీ, హాని జరిగిందన్న అనుమానం కలిగితే వైద్య సలహా పొందే అవకాశం ఇవ్వాలనీ అందులో ఉన్నది. కాని ఈ చట్టం రక్షించేది ఉద్యోగులను. జీతం లేకుండా ప్రాక్టికల్ తరగతికి వచ్చే విద్యార్థి దాని పరిధిలోకి రాడు. కొన్ని రాష్ట్రాలలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఉద్యోగులకు కూడా ఈ ఫెడరల్ చట్టం వర్తించదు. ఫీజు చెల్లించి వచ్చినవానికి జీతం తీసుకునేవానికున్న రక్షణ లేకపోవడం విడ్డూరం. మంచి విశ్వవిద్యాలయాలు చట్టంతో నిమిత్తం లేకుండా అందరికీ ఒకే నియమం పాటిస్తున్నాయి. అన్నీ పాటించాలని కోరడం అత్యాశ కాదు.

చట్టానికి మించిన ఆటంకం మరొకటి ఉన్నది. విదేశాల నుండి వచ్చిన విద్యార్థి వీసా, స్టైపెండు, పట్టా, రేపటి ఉద్యోగానికి సిఫారసు లేఖ, అన్నీ ఒక్క ఆచార్యుని చేతిలో ఉంటాయి. గురువు మాటకు ఎదురు చెప్పరాదన్న సంస్కారం తెలుగు పిల్లలకు చిన్ననాటనే అలవడుతుంది. "హుడ్ లాగడం లేదండీ" అన్న మాట ఫిర్యాదులా వినిపిస్తుందేమోనని వారు ఊరుకుంటారు. గురుభక్తి గొప్ప గుణమే, కాని ఊపిరితిత్తులకు దానితో సంబంధం లేదు. తప్పు వెదుకుతున్నట్లు గాక, ఒక కొలతను నివేదించినట్లు ఈ విషయాన్ని చెప్పవచ్చునని పిల్లలకు నచ్చజెప్పవలసింది తల్లిదండ్రులే. చాలా విశ్వవిద్యాలయాలలో ఇందుకోసం ఒక రక్షణ విభాగం ఉంటుంది. ఆ విభాగానికి ఫోను చేయడం గురుద్రోహం కాదు.

స్వదేశంలోని కళాశాలలు

ఈ చర్చ ఇక్కడితో ఆగితే అసంపూర్ణమవుతుంది. ప్రవాసాంధ్రులు తాము చదువుకున్న కళాశాలలకు ఉదారంగా విరాళాలిస్తున్నారు. గ్రంథాలయాలు, కంప్యూటర్లు, ఖరీదైన విశ్లేషణ యంత్రాలు ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ఎన్నో విద్యాసంస్థలకు ఆ విధంగా సమకూరాయి. ఇది అభినందనీయం. అయితే దాత పేరుతో శిలాఫలకం వేయడానికి అనువైన వస్తువు పైనే అందరి దృష్టి. పైకప్పు మీది ఫ్యానుకు, గోడలోని గొట్టానికి శిలాఫలకం వేయడం కష్టం. కాబట్టి అవి ఎవరి జాబితాలోనూ ఉండవు.

అక్కడ ఇటీవల వచ్చిన మరొక మార్పు, ఏసీ యంత్రాలు. ఒకప్పటి ప్రయోగశాలలకు ఎత్తైన కప్పు, రెండు వైపులా పెద్ద కిటికీలు ఉండేవి. ఉక్క భరించలేకో, యంత్రాలకు వేడి తగలరాదనో ఆ కిటికీలు మూసి గోడకు స్ప్లిట్ ఏసీ బిగిస్తున్నారు. ఆ యంత్రం గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది గాని, బయటి గాలిని లోపలికి తేదు. గది చల్లగా ఉంటుంది, ఆవిరులు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. సౌకర్యం పెరిగి స్వచ్ఛత తగ్గడం అంటే ఇదే. కళాశాలకు ఏసీ విరాళమిచ్చేవారు దానితో పాటు బయటి గాలిని తెచ్చే ఏర్పాటు కూడా ఇవ్వకపోతే చేసిన మేలులో సగం వృథా. గొట్టం అవసరం లేని, బొగ్గు వడపోత గల హుడ్లు చవకగా దొరుకుతాయి. కాని ఆ బొగ్గు కొంతకాలానికి నిండిపోతుంది. మార్చేవారు లేని చోట అది ఒక ఖాళీ పెట్టెతో సమానం.

అడగవలసిన ప్రశ్నలు

విశ్వవిద్యాలయాన్ని చూడటానికి వెళ్ళే తెలుగు కుటుంబం గాని, కళాశాలకు విరాళమిచ్చే దాత గాని ఐదు ప్రశ్నలు వేస్తే చాలు. ఈ గదిలో గాలి గంటకు ఎన్నిసార్లు మారుతుంది? రాత్రివేళ ఆ సంఖ్య ఎంత? ఈ హుడ్‌ను చివరిసారిగా ఎప్పుడు పరీక్షించారు, ఆ తేదీ, ఆ వేగం దానిమీద వ్రాసి ఉన్నాయా? పైకప్పు మీద గాలి వదిలే గొట్టానికీ, తాజా గాలి తీసుకునే ద్వారానికీ ఎంత దూరం? ఏదైనా లోపం కనిపిస్తే విద్యార్థి ఎవరికి చెప్పాలి, ఎన్ని రోజులలో సరిచేస్తారు?

ఈ ప్రశ్నలకు సమాధానాలు ప్రతి ప్రయోగశాల తలుపు మీద అంటించి ఉంచడానికి అయ్యే ఖర్చు ఒక కాగితం. సరైన అంకెలున్న సంస్థకు అది గౌరవం. అంకెలు తెలియని సంస్థ వాటిని కొలవడం మొదలుపెడుతుంది, అదీ మేలే. పాదరసం తన జ్ఞాపకశక్తిని ఎంత దెబ్బతీసిందో స్టాక్ 1926లోనే నిర్మొహమాటంగా వ్రాశాడు. ఒక శతాబ్ది గడిచిన తరువాత కూడా విద్యార్థులు అదే పాఠాన్ని తమ శరీరాలతో నేర్చుకోవలసిన అవసరం లేదు.